కీటకముల వధ్వన్వేషణము

పత్తి పూతకు వచ్చు దినములలో గుంటూరు, ఆదిలాబాదు ప్రాంతముల చేలగట్ల వెంబడి నడచువారికి, పైరుకంటె జానెడెత్తున కర్రలకు వ్రేలాడదీసిన ప్లాస్టికు సంచులు అచ్చటచ్చట కానవచ్చును. రైతులు వానిని లింగాకర్షక బుట్టలందురు. బుట్టమూత క్రింద చిన్న రబ్బరు బిళ్ళ యొకటి యుండును; అందు మన ముక్కునకు సోకని గంధ మొకటి యిమిడియుండును; తెల్లవారి చూచునప్పటికి సంచి యడుగున, కాయను తొలుచు గులాబిరంగు పురుగు పెరిగి రెక్కలు దాల్చిన రూపములు, బూడిదవన్నె చిన్న రెక్కలపురుగులు, పడియుండును. వానినన్నింటిని ఏరి పరీక్షించినచో అవి యెల్ల మగవియే యని తేలును. ఆ గంధము ఆడుపురుగు విడుచు గంధమునకు రసాయనశాలలో చేసిన ప్రతిరూపము. దానిని నమ్మి, చీకటిలో చేనున కడ్డముగా ఎగిరివచ్చి, వధువును గాంచుటకు మారుగా సంచిలో చిక్కి ప్రాణము విడిచినవే ఆ మగపురుగులు.

ఆ మగపురుగు పక్షమున నాలోచించినచో దాని సమస్య ఎంత కఠినమైనదో బోధపడును. రెక్కలు వచ్చిన పిదప దానికి మిగిలిన ఆయువు కొలది దినములు, శరీరము అర్ధాంగుళమైనను లేదు, వెదుకవలసిన చేను ఎకరములకొలది, వెదుకవలసినది రాత్రివేళ. తనజాతి ఆడుది ఆ చేనిలో ఏ ఆకుమాటుననో కదలక కూర్చుండియుండును. చుట్టును ఇతరజాతుల పురుగులు లెక్కకు మిక్కిలి. మీదుమిక్కిలి గబ్బిలములు, సాలెపురుగులు, బల్లులు. ఇన్నింటిని తప్పించుకొని ఆడుదానిని చేరుటయే గాక, తనవలెనే బయలుదేరిన తోటి మగవానికంటె ముందుగా చేరవలెను. సంతానము లేక గతించిన మగపురుగుయొక్క గుణములు దానితోనే అంతరించును గనుక, నేడు మన కంటబడు ప్రతి మగచిమ్మటయు ఈ పరీక్షయందు గెలిచిన తండ్రికి పుట్టినదే.

వెదుకు భారము మగదానిమీదనే ఏల పడవలె నని పాఠకు డడుగవచ్చును. ఆడుది తయారుచేయు గ్రుడ్డు పెద్దది, పోషకద్రవ్యములతో నిండినది, సంఖ్యకు మితమైనది. మగదాని బీజకణములు అతిసూక్ష్మములు, లెక్కకు అపారములు. కావున ఆడుదానికి ఒక్క కలయిక, లేదా కొలది కలయికలు, చాలును. మగదానికి ప్రతి క్రొత్త కలయికయు లాభమే. లాభమెవ్వరిదో శ్రమయు ప్రమాదమును వారివే యగుట ప్రకృతిలో సామాన్యధర్మము. డార్విను 1871లో ప్రకటించిన గ్రంథమున, కొమ్ములును, రంగులును, పాటలును ప్రాణరక్షణకొరకు గాక వధువులకై జరుగు పోటీవలన పెంపొందినవని వాదించి ఈ శాస్త్రమునకు పునాది వేసెను. ఆయన తరువాతి వారు ఆ పునాదిపై కట్టిన కట్టడములో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచు విషయ మొక్కటి: మగకీటకము త్రొక్కు త్రోవను నిర్ణయించునది దాని పరాక్రమము గాదు. ఆడుది ఎచట, ఎప్పుడు దొరకును, ఆ స్థితిలో తనకున్న శరీరముతో ఏమి చేయవచ్చును అను ప్రశ్నలకు సమాధానమెట్టిదో, త్రోవయు నట్టిదే.

గంధము ననుసరించి పోవుట ఈ త్రోవలలో ప్రాచీనమైనది. ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున సెరిన్యాను గ్రామమందు నివసించి, తన తోటనే పరిశోధనాలయముగా చేసికొన్న ఫాబరు పండితుడు, ఒక మేమాసపు ఉదయమున తన గదిలో గూడు చీల్చుకొని వెలువడిన పెద్ద నెమలికన్ను చిమ్మటను, ఆడుదానిని, తీగెవల గంటక్రింద నుంచెను. ఆ రాత్రి ఇల్లంతయు రెక్కల చప్పుడుతో నిండిపోయెను. దాదాపు 40 మగచిమ్మటలు చీకటిలో చెట్లను, గోడలను దాటి, తెరచిన కిటికీలగుండ లోనికి వచ్చి ఆ గంటచుట్టును ముసరెను. ఆయన పిమ్మట ఆడుదానిని గాలి చొరరాని డబ్బాలలో నుంచి చూడగా ఒక్కటియు రాలేదు. మూత రవ్వంత సందుగా నుంచినప్పు డెల్ల వచ్చెను. దాని ప్రక్కన ఘాటైన కలరాయుండలు పోసినను మగచిమ్మటలు దారి తప్పలేదు. అయినను ఆ గంధ మెట్టి పదార్థమో తెలిసికొను సాధనము ఫాబరు కాలమున లేదు.

ఆ పని జర్మను రసాయనవేత్త బుటెనాంటు చేసెను. అంతకుముందే, 1939లో, హార్మోనులపై చేసిన కృషికి నోబెలు బహుమానము పొందిన ఈ పండితుడు, దాదాపు 20 సంవత్సరములు శ్రమించి, సుమారు 5 లక్షల ఆడు పట్టుచిమ్మటల గ్రంథులను సేకరించి, వానినుండి తుదకు కొన్ని మిల్లీగ్రాముల శుద్ధపదార్థమును రాబట్టి, 1959లో దానిని బాంబికాలను పేర లోకమునకు తెలిపెను. పట్టుపురుగులను పెంచు హిందూపురము, మదనపల్లె ప్రాంతములవారు దీని ప్రభావమును నిత్యము చూచుచునే యుందురు: గూటినుండి వెలువడిన మగచిమ్మటకు సమీపమున ఆడుది యున్నచో, అంతదనుక కదలక యున్న అది రెక్కలు టపటప కొట్టుచు అటునిటు మెలికలు తిరుగుచు నడచి దానిని చేరును. వేలయేండ్లు మానవుని చేతిలో పెరుగుటచేత పాపము దానికి ఎగురుశక్తి నశించినది. గంధము నెరుగు శక్తిమాత్రము చెక్కు చెదరలేదు. దువ్వెనపండ్లవలె చీలియున్న దాని స్పర్శశృంగములపై వేలకొలది సన్నని రోమములు గలవు. వానిలో నొక్కదానికి ఆ పదార్థపు అణు వొక్కటి తగిలినను అచటి నాడి స్పందించునని తరువాతి పరిశోధకులు రుజువు చేసిరి.

గంధము గాలిలో సరళరేఖవలె సాగదు; గాలి సుడులకు చిక్కి, తెగి, ముక్కలు ముక్కలై వ్యాపించును. మగచిమ్మట గంధము తగిలిన క్షణమున గాలికెదురుగా దూసికొని పోవును; తప్పిపోయిన క్షణమున ముందునకు సాగక కుడియెడమలకు ఊగుచు మరల తగులువరకు వెదుకును. ఈ రెండు నియమములే దానికి గల విద్య యంతయు. అవియే దానిని చీకటిలో గమ్యమునకు చేర్చును. ఈ విద్య తెలిసిన పిదప మానవుడు దానిని తనకు సాధనముగా మార్చుకొనకుండునా! బుట్టలో మగపురుగు లెన్ని పడినవో లెక్కించి పురుగుమందు చల్లవలసిన సమయమును నిర్ణయించుట యొక పద్ధతి. చేనంతయు ఆ కృత్రిమగంధముతో నింపి, ఏ దిక్కున చూచినను ఆడుదే యున్నదను భ్రమ గొలిపి, మగదానిని దారి తప్పించుట మరియొక పద్ధతి. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఈ పద్ధతిని, పురుగును తట్టుకొను పత్తివంగడములను, బీజశక్తి నశింపజేసిన చిమ్మటలను వదలుటను కలిపి వాడి, 2018లో తమ పత్తిచేలనుండి గులాబిరంగు పురుగును నిర్మూలించితిమని ప్రభుత్వము ప్రకటించెను. మన చేలలో ఆ పురుగు నేటికిని రాజ్యమేలుచున్నది.

గంధము ఆడుదాని సొత్తు మాత్రమే యనుకొనరాదు. మామిడిని పాడుచేయు పండుఈగలలో మగది సాయంసంధ్యవేళ తానే సువాసన వెదజల్లి ఆడుదానిని పిలుచును. ఆ సువాసనకు కావలసిన ముడిసరకులలో మిథైల్ యూజినా లొకటి. అది కొన్ని పుష్పములందును, కొన్ని తులసిజాతులందును దొరకును. దానికై మగఈగ పడిచచ్చును. బీహారులోని పూసా పరిశోధనాలయమందు పనిచేసిన హౌలెట్టను ఆంగ్లేయ కీటకవేత్త, నిమ్మగడ్డి జాతి నూనె యొకటి మగఈగల నాకర్షించుట గమనించి 1912లో ప్రకటించి, 1915నాటికి అసలు ఆకర్షణ ఈ పదార్థమునందున్నదని తెలిసికొనెను. మన మామిడితోటలలో నేడు కట్టు పండుఈగ బుట్టలకు మూలమదియే. మరియు, నల్లని రెక్కలపై లేతనీలి మచ్చలు గల యొక సీతాకోకచిలుక మన ప్రాంతమున సర్వసాధారణము. దాని ప్రజాతికి 1880లో మూరను శాస్త్రజ్ఞుడు తిరుమల యని పేరిడెను. ఆ జాతి మగవి జనుమును పోలిన గిలకకాయల మొక్కలపై గుంపులు గుంపులుగా వ్రాలి, ఎండిన కొమ్మలనుండి చేదైన క్షారపదార్థములను పీల్చుకొనును. శత్రువుల నోటికి తమ్ము రుచింపకుండజేయు ఆ విషమునందు కొంత భాగమును అవి సుగంధముగా మార్చి, ఉదరాంతమున దాచుకొన్న కుంచెలవంటి రోమగుచ్ఛములతో ఆడుదాని ముందు విదల్చును. విషము సమృద్ధిగా సేకరించిన మగదేదో ఆడుది వాసనచేతనే పోల్చుకొనునని శాస్త్రజ్ఞుల యభిప్రాయము.

ఇక శబ్దమార్గము. ఇలకోడి కీచుమని అరచునది నోటితో గాదు, ముందరి రెక్కలతో: ఒక రెక్క అంచుతో రెండవ రెక్కమీది రంపపుపండ్ల నరమును రాచి అది ధ్వని పుట్టించును. వినునది ఆడుది, దాని చెవులు ముందరికాళ్ళ పిక్కలయందుండును. పాటకే ఆడుది వచ్చుచున్నదా, లేక వాసనయు రూపమును తోడ్పడుచున్నవా యను సందేహమును రేగెనను పండితుడు 1913లో చమత్కారముగా తీర్చెను: మగదాని పాటను టెలిఫోనుద్వారా వేరొక గదిలోనికి పంపగా, ఆడుది ఆ గొట్టమువైపు నడచివచ్చెను. మగదానికి ఇందు గల సౌకర్యము స్పష్టము. తాను ఊరంతయు తిరుగనక్కరలేదు. కన్నపుగుమ్మమున కూర్చుండి పాడిన చాలును. కష్టమును అంత స్పష్టమే. పాట ఆడుదాని కొక్కదానికే వినబడునది గాదు. ఉత్తర అమెరికాలో ఓర్మియా యను ఈగ ఇలకోడి పాట విని సరిగా గురిచూచి వచ్చి, దానిపైనను దాని చుట్టును పిల్లపురుగులను విడుచును. అవి శరీరములోనికి తొలుచుకొనిపోయి, లోపలినుండి తినుచు, వారమురోజులలో దానిని చంపివేయును.

ఇట్టి స్థితిలో గొంతెత్తి పాడు మగదాని ప్రక్కన నోరు మెదపక పొంచియుండి, పాటకు వచ్చుచున్న ఆడుదానిని దారిలో అడ్డగించు మగవి కొన్ని యుండుట వింతగాదు. వింతయైనది హవాయి దీవులలో జరిగినది. ఆ ఈగ ఎట్లో అచటికి చేరి కవాయి దీవిలోని ఇలకోళ్ళను దాదాపు నిర్మూలించినది. 1990వ దశకమునుండి వానిని పరిశీలించుచున్న మార్లీను జుక్ అను శాస్త్రవేత్త్రి, ఏటేట పాట సన్నగిల్లుట గమనించి, ఆ జాతి అచట నశించినదనియే భావించుచుండెను. 2003లో ఆమె లాంతరుతో వెదుకగా గడ్డిలో ఇలకోళ్ళు విస్తారముగా కనబడినవి. కాని మగవానిలో నూటికి తొంబదింటికి పైగా రెక్కలపై రంపపుపండ్ల నిర్మాణమే లేదు. రెక్క చదునై, పాట మూగవోయినది. సుమారు ఇరువది తరములలోననే ఈ మార్పు వ్యాపించినదని ఆమెయు సహచరులును 2006లో ప్రకటించిరి. ఈగకు చిక్కకుండుట బాగుగనే యున్నది, మూగవానికి వధు వెట్లు దొరకును? మిగిలిన ఆ కొలది గాయకుల చుట్టును చేరి, వారి పాటకు వచ్చిన ఆడువానిని అందుకొనుచు అవి కాలము గడపుచున్నవి. పాడువాడు బొత్తిగా లేకపోయిన నాడు మూగవాని యుపాయమును చెల్లదు.

దీనికి సరిగా ఎదురైన యుపాయము మన దక్షిణభారతపు పొదలలోననే కలదు. తులసిని పోలిన వాసన గల ఒక కలుపుమొక్కపై నివసించు లేతాకుపచ్చని చెట్టుఇలకోడి యొకటి, ఆకునడుమ తన రెక్కలకు సరిపోవు రంధ్రమును నోటితో కొరికి, అందు శరీరము నిమిడ్చి, రెక్కలను ఆకునకు ఆనించి పాడును. రెక్కకు ఇరుప్రక్కల పుట్టు ధ్వనితరంగములు ఒకదాని నొకటి రద్దుచేసికొనకుండ ఆకు అడ్డుపడుటచేత పాట రెండు మూడు రెట్లు బిగ్గరగా వినవచ్చును. బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన రోహిణీ బాలకృష్ణన్ గారును ఆమె శిష్యులును 2020లో ప్రకటించిన పరిశోధన ననుసరించి, ఈ పనిని అన్ని మగవియు చేయవు. చిన్న శరీరము, సన్నని గొంతు గలవియే అధికముగా చేయును. బిగ్గరపాటను కోరు ఆడుది ఆకు సాయమును గుర్తింపలేక చిన్నదానినే పెద్దదిగా నెంచి చేరవచ్చును. పరికరమును తానే చేసికొని వాడు కీటకములు లోకమున మిక్కిలి అరుదు; వానిలో నొకటి మన పొరుగు పొదలలో పాడుచున్నదని మనలో నెందరికి తెలియును?

మనిషిచెవికి అందని పాటలును గలవు. వరిరైతును గడగడలాడించు సుడిదోమ ఆడుది దుబ్బుమొదట నిలిచి ఉదరమును పైకి క్రిందికి కంపింపజేయగా, ఆ కంపనము కాండముగుండ ప్రసరించి, ఆ దుబ్బుమీదను దానిని తాకు దుబ్బులమీదను ఉన్న మగవాని కాళ్ళకు తెలియును. మగది బదులు కంపనముతో పలుకుచు, ఆగి వినుచు, అంచెలంచెలుగా దానిని చేరును. దోమల విషయమున శబ్దమనునది ఎగురునప్పటి రెక్కల రొదయే. అమెరికాలో సారటోగా పట్టణపు హోటలున విద్యుద్దీపములను అమర్చిన హిరాం మాక్సిమను యంత్రవేత్త, రొదచేయు ఒక యంత్రపుపెట్టెపై దోమలు గుంపుగా వ్రాలుట చూచి, అవి యన్నియు మగవియేయని కనుగొనెను. యంత్రపు రొద ఆడుదోమ రెక్కల స్వరముతో కలిసినది! మగదోమ కుచ్చుల స్పర్శశృంగముల మొదట నున్న శ్రవణేంద్రియము ఆ స్వరమును పట్టును. 1897లో సికింద్రాబాదున రొనాల్డు రాసు మలేరియా బీజమును కనుగొన్న అనాఫిలిసు దోమలజాతిలో మగవి సందెవేళ ఏదో యొక గుర్తుపై స్తంభాకారముగా గుమిగూడి ఎగురుచుండగా ఆడుది ఆ గుంపులోనికి వచ్చి ఒకదానితో వెడలిపోవును.

గుమిగూడు చోటు నెంచుకొనుటయు నొక ఉపాయమే. ఆడుది ఎచటికి రాక తప్పదో అచటనే కాచియుండుట తూనీగల పద్ధతి. గ్రుడ్లు నీటియందే పెట్టవలెను గనుక మగతూనీగ చెరువుగట్టున జానెడు చోటును ఆక్రమించి ఇతరులను తరుముచుండును. ఆడుది దొరకినను అది నిశ్చింతగా నుండదు. తన జననాంగముతో ముందటి మగదాని బీజమును తోడివేసి, పిదప తనది నిలుపునని 1979లో వాగె యను పరిశోధకుడు చూపెను. తేనెటీగలలో పోతుటీగలు ఆకాశముననే, పదులకొలది అడుగుల ఎత్తున, ఏటేట మారని కొన్ని తావులలో సమావేశమగును. రాణి అచటికే వచ్చి పది పదిహేనింటిని కలిసికొని మరలిపోవును. కలిసిన ప్రతి పోతుటీగయు అచటనే మరణించును. ఒకే ఆకాశమున పలు జాతులున్నచో గందరగోళము కాదా? సింహళమున 1970వ దశకమున చేసిన పరిశీలనలో, పొదలలో పట్టుపెట్టు చిన్న తేనెటీగ మధ్యాహ్నవేళను, పుట్ట తేనెటీగ దినాంతమునను, కొండ తేనెటీగ ప్రొద్దుగ్రుంకిన వెనుకను ఎగురునని తెలిసినది. మువ్వురు రాణుల గంధము చాలవర కొక్కటే. కాలమే వారిని వేరుచేయుచున్నది.

ఒకే జాతిలో, ఒకే చోట, మగవి రెండు త్రోవలు త్రొక్కుట మరింత ఆసక్తికరము. అమెరికాలోని అరిజోనా ఎడారిలో నేలలో గూళ్ళుచేయు సెంట్రిసు అను తేనెటీగలను జాను ఆల్కాకు దీర్ఘకాలము పరిశీలించెను. ఆడుది భూమిలో నింకను వెలికిరాకముందే, పెద్ద శరీరము గల మగవి నేలను ఆనుకొని ఎగురుచు, వాసన పట్టి, మన్ను త్రవ్వి దానిని బయటికి లాగును, ఆ చోట ఘోరయుద్ధములు సాగును, బలవంతునిదే జయము. చిన్న మగవి ఆ రణరంగము నొల్లవు. అవి ప్రక్కనున్న చెట్టుకొమ్మలచెంత గాలిలో నిలిచి, త్రవ్వువారి కంటబడక తప్పించుకొని ఎగిరిపోవు ఆడువానిని వెన్నంటును. చిన్నది చిన్నదగుటకు కారణము దాని లోపము గాదు. తల్లి ఆ గదిలో నుంచిన పుప్పొడిముద్ద చిన్నది. పేడపురుగులలోను ఇదే కథ. పనామా అడవులలో డగ్లసు ఎమ్లెను చూచిన జాతిలో, బాల్యమున తిండి సమృద్ధిగా దొరకిన మగదానికి తలపై కొమ్ములు మొలచును; అది ఆడుది త్రవ్విన సొరంగపు ద్వారమున కాపుండి కొమ్ములతో పోరాడును. తిండి చాలనిదానికి కొమ్ములు రావు. అది ప్రక్కన వేరొక సొరంగము త్రవ్వి, కావలివాని వెనుకగా లోనికి దూరి, పనిచక్కబెట్టుకొని వచ్చును. ఇరుకైన సొరంగములలో పరుగెత్తుటకు కొమ్ములు లేకుండుటయే మేలు! పెద్దదానితో సమానముగా చిన్నది గెలువదన్నది నిజమే. గెలువజాలని యుద్ధమున ప్రాణము పోగొట్టుకొనుటకంటె ఈ త్రోవ మేలన్నదియు నిజమే.

దొంగతనము, మోసము అను మాటలను ఇట్టిచోట్ల వ్రాయకుండుట కష్టము. అయినను మన ధర్మశాస్త్రమును పురుగులకు వర్తింపజేయరాదని పాఠకులు స్మరింతురు గాక. వ్రేలాడుఈగలని చెప్పదగిన ఒక అమెరికా జాతిలో మగది ఏదైన పురుగును వేటాడి తెచ్చి, ముందరికాళ్ళతో కొమ్మను పట్టి వ్రేలాడుచు, గంధము విడిచి ఆడుదానిని పిలుచును. ఆడుది వచ్చి ముందుగా కానుకను రుచిచూచును. కానుక చిన్నదైనచో నాలుగైదు నిమిషములలో విడిచిపోవును. పెద్దదైనచో ఇరువది నిమిషములు నిలుచును. బీజము పూర్తిగా చేరుటకు అంత కాలమును కావలయును. థార్న్‌హిల్లను శాస్త్రజ్ఞుడు ఈ కొలతలు తీసి, మరియొక చిత్రమును కనిపెట్టెను: కొన్ని మగవి వేటకు పోవు శ్రమమాని, ఆడుదానివలె రెక్కలు వాల్చి, కానుకతో వేచియున్న మగదానిని సమీపించి, దాని చేతిలోని యాహారమును లాగుకొని పారిపోవును. సాలెగూళ్ళలో చిక్కుకొను వేటప్రమాదము ఆ విధముగా వానికి తప్పును.

వెదుకులాట అవసరమే లేని మగవియు సృష్టియందు గలవు. మేడిపండును, అందలి పురుగులను దృష్టాంతముగా గైకొని వేమన చెప్పిన పద్యము నెరుగని తెలుగువా డుండడు. ఆ పురుగు లెవరో విచారించినవారు మాత్రము తక్కువ. అవి గండుచీమకంటె చిన్నవైన కందిరీగజాతి జీవులు. వానిలో మగదానికి రెక్కలు లేవు. కన్నులు పేరునకు మాత్రము. అది ఆడువానికంటె ముందుగా పుట్టి, చీకటిలో తడవుకొనుచు, ఆడుది యింకను లోపలనే యున్న గింజకు రంధ్రము చేసి అచటనే కలియును. పిదప తోటి మగవానితో కూడి పండుగోడకు సొరంగము త్రవ్వును. ఆ ద్వారమున ఆడువి పుప్పొడి మోసికొని వేరొక మేడిచెట్టునకు ఎగిరిపోగా, త్రవ్వినవి చాలవరకు ఆ పండులోననే మరణించును. మేడి, మర్రి, రావి కుటుంబములో ఇట్టి పండ్లను బ్రెజిలున పరిశీలించిన హామిల్టను, వానిలో నివసించు మరికొన్ని జాతుల మగవి గొడ్డళ్ళవంటి దవడలతో ఒకదాని నొకటి ఖండించుకొనుట చూచి 1979లో వర్ణించెను. ఆడువి పండులో దండిగా దొరకు జాతులలో మగవానికి రెక్కలు లేకపోవుటయు, పండుకొకటి రెండుగా చెదరియుండు జాతులలో మగవానికి రెక్కలుండుటయు ఆయన గమనించిన సత్యములలో శ్రేష్ఠమైనది. ఆడుది యెచట దొరకునన్న ప్రశ్నయే రెక్కను మొలిపించినది, రెక్కను రాల్చినది.

చివరిది వెలుగుమార్గము. మిణుగురులలో సాధారణముగా మగది ఎగురుచు మెరయును. ఆడుది గడ్డిపరకపైనో పొదలోనో నిలిచి బదులు చెప్పును. కొన్ని జాతులలో ఆడుదానికి రెక్కలే యుండవు. అమెరికాలో మిక్కిలి సామాన్యమైన ఒక జాతి మగది సుమారు ఆరు సెకన్ల కొకమారు మెరసి, రెండు సెకన్ల తరువాత క్రిందినుండి బదులు మెరుపు వచ్చినచో అది తనజాతి ఆడుదే యని నమ్మి దిగును. ఆ నమ్మకము ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకము. ఫొట్యూరిసను వేరొక జాతి ఆడుది ఆ రెండు సెకన్ల విరామమును అనుకరించి మెరసి, దిగివచ్చిన మగదానిని పట్టి తినివేయునని 1965లో లాయిడను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. దాని శరీరములోని చేదుపదార్థము తిన్నదానికి సాలెపురుగులనుండి రక్షణ నిచ్చునని తరువాత తెలిసినది. మలేషియా దేశమున సెలంగూరు నదీతీరపు మడచెట్లపై వేలకొలది మగమిణుగురులు ఒక్కమారుగా వెలిగి ఒక్కమారుగా ఆరుట చూడవచ్చిన యాత్రికులకు అద్భుతము; ఆడువానికది వరుల సమావేశస్థలమున కానవాలు.

ఈ సంభాషణ యంతయు చీకటిని ఆధారముగా చేసికొన్నది. వీధిదీపపు వెలుగులో మగదాని మెరుపు ఆడుదానికి కనబడదు, ఆడుదాని బదులు మగదానికి కనబడదు. రెండును బ్రతికియుండియు కలియనేరవు. మిణుగురులు తగ్గుటకు పురుగుమందులును, చిత్తడినేలలు పూడుటయు కారణములే. వానిని ఆపుట ఒక్కరి చేతిలో లేదు. దీపమును ఆర్పుట మాత్రము ఎవరి యింట వారి చేతిలోనిదే. తొలకరి మొదలు శరత్తు వరకు, మీ పెరటిలోనో పొలముగట్టుననో మిణుగురు లింకను కనబడుచున్నచో, పని తీరిన వెంటనే వెలుపలి దీపము నార్పివేయుడని పాఠకులకు నా మనవి.